వెలి పడిన యిల్లు

శ్రావణ శుక్రవారపు సాయంకాలము. వీధిలో ఒక యింట పేరంటము. పిలువవచ్చిన చిన్నది కుంకుమభరిణె చేత బట్టుకొని గడప గడపకు పోయి, బొట్టు పెట్టి, 'మా యింటికి పేరంటమునకు రండి' యని చెప్పుచున్నది. ఒక్క యింటి యెదుట మాత్రము దాని యడుగు నిలువదు. తల వంచుకొని ఆ గడప దాటి అవతలి గడప యెక్కును. దాటబడిన యింటి యిల్లాలు తలుపు చాటున నిలిచి యిదంతయు చూచినది. ఆమె నెవ్వరును తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాటయైనను అనలేదు. ఆ మాట లేకపోవుటయే ఆమెకు వచ్చిన యాపద.

దీనికే మన పెద్దలు వెలి యని పేరు పెట్టిరి. సోదరీమణులారా, ఈ నెల మేము దీనిని గూర్చి ముచ్చటింప దలచితిమి. ఇది తాతల నాటి సంగతి, మనకేల యని కొందఱనవచ్చును. కులాంతర వివాహము చేసికొన్న బిడ్డను ఇంట చేర్చుకొన్నందుకు, ఊరి పెద్దలు విధించిన జరిమానా కట్టనందుకు, భూమి తగవులో న్యాయస్థానమునకు పోయినందుకు, ఒక కుటుంబముతో ఎవ్వరును మాటాడరాదని కట్టడి చేయుట నేటికిని మన పల్లెలలో వినబడుచునే యున్నది. ఉత్తర తెలంగాణములో గ్రామాభివృద్ధి కమిటీల పేర ఇట్టి కట్టుబాట్లు జరుగుచున్నట్లు వార్తాపత్రికలలో పలుమార్లు చదివితిమి. కావున మాట పాతదైనను గాయము పాతది కాదు.

వెలి యెట్లు పనిచేయునో మొదట చూతము. ఊరంతయు ఒక యింటిమీద కోపించుట సులభము కాదు. పదిమందికి కోపముండును, ఇరువదిమందికి జాలి యుండును, తక్కిన వారికి ఏమియు నుండదు. అయినను ఊరంతయు ఒక్కటై ముఖము త్రిప్పుకొనునట్లు చేయు కీలొకటి కలదు. అదియే సంసర్గ దోషము. వెలిబడినవానితో కలిసి భుజించినవాడు కూడ వెలిబడినవాడే. వాని యింట పౌరోహిత్యము చేసిన పురోహితుడును అట్టివాడే. కనుక జాలి గలవాడు సైతము తన పిల్ల పెండ్లి తలచుకొని వెనుకకు తగ్గును. ఎవరి భయము వారిది. కోపమున్న పదిమందియు తక్కిన వారి భయమును కూలి లేకుండ వాడుకొందురు. పురోహితుడు రాడు. మంగలియు చాకలియు రారు. పంక్తిలో విస్తరి వేయరు. తద్దినమునకు భోక్తలు దొరకరు. ఇంట ఒకరు కన్నుమూసినచో మోయుటకు నలుగురు కూడరు. నిప్పు నీళ్ళు పుట్టనీయకుండుట యని మనవారు చెప్పు మాట వట్టి నానుడి కాదు. పొరుగింటి పొయ్యిలోని నిప్పు తెచ్చుకొని పొయ్యి ముట్టించుకొను దినములలో అది అక్షరాల నిజము.

ఇక్కడ మేమొక మాట చెప్పక తప్పదు. వెలి పురుషునకు ఒకచోట తగులును, స్త్రీకి అన్నిచోటుల తగులును. ఇంగ్లీషువారి కాలములో వెలిబడిన ప్లీడరు కచ్చేరికి పోయెను, ఉపాధ్యాయుడు బడికి పోయెను. అక్కడ ఎవ్వరును అతని కులకట్టడిని అడుగలేదు. అతని జీతము తగ్గలేదు. భార్యకో? ఆమె లోకము నీళ్ళరేవు, పేరంటము, గుడి, పుట్టిల్లు. నాలుగును ఒక్కనాడే మూతపడినవి. కూతురు పురిటికి వచ్చినయెడల పుట్టింటివారికి కూడ వెలి యంటునేమో యని భయము. తల్లి కూతురిని చూడవచ్చినయెడల తిరిగి పోయి స్నానము చేయవలెనా, ప్రాయశ్చిత్తము చేసికొనవలెనా యని తర్కము. నిర్ణయము చేసినది మగవారి సభ. దానిని దినదినము మోసినది ఆడుది.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వధువు పేరు గౌరమ్మ. నాలుగు దినములలోనే రెండవ వివాహము జరిగినది. 1856 నాటి శాసనము ఇట్టి వివాహములకు అప్పటికే అనుమతి యిచ్చియుండెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. విద్యార్థులు పంతులుగారి పక్షమున నిలిచిరి. పెండ్లి పందిటి సంగతులు అందఱును చెప్పుకొందురు. పందిరి విప్పిన తరువాతి సంగతులే మనకు కావలసినవి.

పీఠాధిపతుల పేర వెలి యుత్తరువులు వచ్చినవి. పెండ్లిలో పాల్గొన్నవారు, భోజనము చేసినవారు అందఱును దానికి లోనైరి. నిన్నటిదాక సభలలో చప్పట్లు కొట్టిన వారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని కులములోనికి మరల ప్రవేశించిరి. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఇంటిలో పెండ్లి కావలసిన కూతుండ్రు, ముసలి తల్లిదండ్రులు ఉన్నవారికి పౌరుషము ఎంతకాలము నిలుచును? పంచగవ్యము పుచ్చుకొని, దక్షిణ సమర్పించి, మఱి యెన్నడును అట్టి పని చేయనని యొప్పుకొన్నచో తలుపు తెఱచికొనును. ఆ తలుపునకు తాళము ధర్మమేనని చెప్పిరి కాని, తాళపుచెవి చాలచోటుల రూపాయలతో తిరిగినది.

పంతులుగారు ప్రాయశ్చిత్తము చేసికొనలేదు. ఆయన ధైర్యమును గూర్చి ఎన్నియో పుస్తకములు కలవు. ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారిని గూర్చి అన్ని లేవు. ఇంటికి వచ్చు వంటవారును నీళ్ళు తెచ్చువారును మానుకొనగా ఆమె స్వయముగా గోదావరికి పోయి నీళ్ళు మోసి తెచ్చి వంట చేసినది. ఒక్క దంపతులకే కాదు. వెలిబడిన కొత్త దంపతులు, ఆశ్రయము కోరి వచ్చిన వితంతు బాలికలు, వారిని తోడ్కొని వచ్చినవారు, అందఱును ఆ యింటనే. రాజమహేంద్రవరపు రేవుమెట్లు ఎఱిగినవారు ఆ కడవల బరువును ఊహింపగలరు. వేసవిలో నీరు దూరముగా పోవును, నడువవలసినది ఇసుకలో. వరద దినములలో నీరెఱ్ఱగా నుండును, తేర్చుకొని త్రాగవలెను. మెట్లమీద తక్కిన స్త్రీలు ఉందురు. వారి చూపులకు నడుమ ఆమె దిగి, నింపుకొని, ఎక్కి రావలెను. ఉపన్యాసము చేయువానికి ఎదుట చప్పట్లైన నుండును, రాళ్ళైన నుండును. రేవులో రెండును లేవు.

ఆమెకు చదువు చెప్పినది భర్తయే. ఆ యింట చేరిన బాలికలకు తల్లివలె పురుళ్ళు పోసినది, రోగములలో దగ్గఱనుండినది ఆమెయే. 1910వ సంవత్సరములో ఆమె మరణించువఱకు పంతులుగారి పనులన్నిటిలో సగము బరువు ఆమెది. ఊరు విడిచి పోదమని ఆమె యనియుండినయెడల సంస్కరణోద్యమము ఎట్టి మలుపు తిరిగియుండునో! మనకు తెలిసినంతవఱకు రాజమహేంద్రవరమున వెలి ఓడినది వాదములలో కాదు, నీళ్ళకడవ దగ్గఱ. వెలివేసినవారు ఇల్లు నడువకుండ చేయవలెనని చూచిరి. ఇల్లు నడచినది.

ఆ కాలపు శాసనము సంగతియు కొంచెము చూడదగినదే. 1850 నాటి యొక చట్టము కులము పోయినంతమాత్రమున వారసత్వపు హక్కు పోదని చెప్పినది. అనగా వెలిబడినవాని పొలము వానికే యుండును. పొలమును కాపాడగలిగిన చట్టము కడవెడు నీళ్ళను కాపాడలేకపోయినది. కులము తన వానిని వెలివేయుట దాని యిష్టమని న్యాయస్థానములు సాధారణముగా తలయూపుచు వచ్చినవి. 1883లో మద్రాసు హైకోర్టులో ఒక వింత వ్యాజ్యెము నడచినది. ఒక గురుపీఠమువారు వెలి యుత్తరువును పోస్టుకార్డుమీద వ్రాసి పంపిరి. వెలివేయుట గురువున కున్న యధికారమే గాని, దారిలో ఎవ్వరైనను చదువగల కార్డుమీద దానిని పంపుట పరువునకు భంగము కలిగించుటయే యని న్యాయమూర్తులు తలచిరి. కవరులో పెట్టి పంపియుండినయెడల చిక్కు లేకపోయెడిది! నవ్వు వచ్చు సంగతియే యైనను, వెలిలో సగము బాధ నలుగురికి తెలియుటలో నున్నదని ఆ తీర్పు ఒప్పుకొన్నట్లే.

మఱియొక కథ ఘూర్జరదేశమునకు సంబంధించినది. 1888లో మోహనదాసు గాంధి చదువుకొఱకు సీమకు పోవ సంకల్పించెను. మోఢ వణిజుల కులపెద్దలు బొంబాయిలో సభ చేసి, సముద్రము దాటరాదని శాసించిరి. అతడు వినలేదు. అతనిని వెలివేసి, అతనికి సాయము చేసినవానికి, ఓడరేవునకు పోయి సాగనంపినవానికి ఒక రూపాయి నాలుగణాల జరిమానా యని ప్రకటించిరి. అన్న దాచిన ప్రయాణపు సొమ్ము బావగారి చేతిలో నుండెను. ఆయన కులకట్టడికి భయపడి ఇయ్యనని చెప్పెను. మఱియొక మిత్రుని దగ్గఱ అప్పు తీసికొని ఆ పడుచువాడు ఓడ యెక్కెను.

1891లో తిరిగివచ్చిన తరువాత జరిగినది మాకు మఱింత ముఖ్యముగా తోచుచున్నది. అన్నగారి సంతోషముకొఱకు నాసికములో నదీస్నానము చేసెను. రాజకోటలో కులమువారికి విందు జరిగినది. కులములో ఒక వర్గము చేర్చుకొన్నది, ఒక వర్గము చేర్చుకొనలేదు. అక్కగారును అత్తవారును రెండవ వర్గమునకు చేరినవారు. రహస్యముగా వచ్చి భోజనము చేయుమని వారు చెప్పినను గాంధి యొప్పుకొనలేదు. బయట చేయలేనిది చాటున చేయుట తనకు సరిపడదని తలచి, వారి యింట మంచినీళ్ళైనను ముట్టలేదు. తన్ను చేర్చుకొనుమని ప్రాధేయపడలేదు, చేర్చుకొననివారిని ద్వేషింపలేదు. కొంతకాలమునకు ఆ వర్గమువారే ఆయన పనులకు తోడ్పడిరని ఆత్మకథలో వ్రాసికొనెను. ఇందులో కస్తూరిబాగారి మనస్సు మాత్రము ఎవ్వరును అడిగినట్లు లేదు. తన పుట్టింటిలో భర్త గ్లాసెడు నీళ్ళు త్రాగడు. అతని నిగ్రహమునకు మెచ్చుకొనవలెనా, తల్లి ముఖము చూచి ఏడువవలెనా? పుట్టింటికి పోయినప్పుడెల్ల ఆ ప్రశ్న ఆమెతో కూడ పోయియుండును.

గాంధిగారి మార్గము ఉత్తమమైనదే. కాని యది అందఱకును పనికివచ్చు మందని మేము చెప్పజాలము. ఆయన బారిష్టరు, కులములో సగము ఆయన వైపే యుండెను. కూలి దొరకక, ఊరి బావి మూసివేయబడి, కిరాణా కొట్టువాడు ఉప్పు కూడ అమ్మనినాడు, ఓర్పు పట్టుమని చెప్పుట క్రూరత్వము. 1991లో గుంటూరు జిల్లా చుండూరున దళితులను పొలము పనులకు పిలువక బహిష్కరించిరి. కొద్ది దినములకే, ఆగస్టు 6వ తేదీని, వారిలో ఎనిమిదిమందిని చంపివేసిరి. బలవంతులు బలహీనులను వెలివేయునప్పుడు అది పేరంటపు పిలుపు మానుటతో ఆగదు. ముందు పొయ్యి ఆరును, తరువాత ఏమైన జరుగవచ్చును. అట్టిచోట వెలిని మొదటి దినముననే నేరముగా పట్టించుకొనవలెను.

చట్టములు ఇప్పుడేమి చెప్పుచున్నవో యింటింట తెలిసియుండుట మంచిది. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని ఇతరులు సాంఘికముగా గాని ఆర్థికముగా గాని బహిష్కరించుట, బహిష్కరింతుమని బెదరించుట, అత్యాచారాల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ ప్రకారము ఆఱు నెలలనుండి ఐదేండ్లవఱకు శిక్షింపదగిన నేరము. మహారాష్ట్రమువారు 2016లో అన్ని కులములకు వర్తించునట్లు ప్రత్యేక శాసనము చేసిరి. దాని ప్రకారము మూడేండ్లవఱకు ఖైదు గాని, లక్ష రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అంతకు పూర్వము 1949లో బొంబాయి రాష్ట్రము వెలిని నిషేధించి చట్టము చేసినది. మతసంస్థలకు తమ వ్యవహారములు నడపుకొను హక్కు కలదని 1962లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ఒక వైపు; ప్రధాన న్యాయమూర్తి సిన్హాగారొక్కరే, వెలి మనుష్యుని గౌరవమును చంపును గనుక ఆ చట్టము నిలువవలెనని వేఱుగా వ్రాసిరి. ఆయన వ్రాసినది మరుగున పడలేదు. 2023లో ఐదుగురు న్యాయమూర్తులు ఆ పాత తీర్పును మరల విచారించుటకై తొమ్మండుగురి ధర్మాసనమునకు నివేదించిరి.

మన యింటికే వెలి వచ్చినయెడల? చేయవలసిన పనులు చిన్నవి, నీరసము పుట్టించునవి. అయినను చేయవలెను. వెలి యెప్పుడును నోటి మాటగా వచ్చును; కాగితము మీదికి రాదు. కనుక కాగితము మనమే పెట్టవలెను. ఏ తేదీని, ఎవరి యరుగుమీద కూర్చుండి, ఎవరెవరు తీర్మానించిరి. దండోరా వేసినయెడల ఏమని వేసిరి. ఏ కొట్టువాడు ఏ దినమున సరకు ఇయ్యననెను. జరిమానా కట్టించుకొనినచో ఎంత, ఎవరి చేతికి: ఇవన్నియు పిల్లల నోటుబుక్కులోనైనను దినదినము వ్రాసి యుంచవలెను. ఆఱు నెలల తరువాత పోలీసువారి యెదుట నిలిచి జ్ఞాపకము తెచ్చుకొనబోయినచో సగము మఱచిపోయి, సగము ఏడ్పుగా మాఱును. వ్రాసిన పుస్తకము ఏడువదు. పోలీసు స్టేషనులో పట్టించుకొననియెడల కలెక్టరుగారికి అర్జీ పెట్టవచ్చును. ప్లీడరునకు ఇచ్చుకొను శక్తి లేదని వెనుదీయ నక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు న్యాయసహాయము ఉచితము. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయముండును. ఈ యొక్క సంగతి తెలియక ఎందఱో సోదరీమణులు నగలు కుదువబెట్టి తిరుగుచున్నారు.

పిల్లల సంగతి వేఱు. బడిలో ప్రక్కన కూర్చుండనీయరు. ఎందుకని వారడుగుదురు. 'మనమేమియు తప్పు చేయలేదు' అని చెప్పినంత మాత్రమున చాలదు. తప్పు చేయనిచో ఎందుకు మాటాడరు అని మఱల నడుగుదురు. జరిగినది జరిగినట్లు, వారి వయస్సునకు తగిన మాటలలో చెప్పుటయే మేలని మా యభిప్రాయము. దాచిన సంగతిని వారు వీధిలో మఱియొక రూపముతో విందురు.

పెద్దలకు కావలసినది ఒక్క మనిషి. ఊరంతయు తిరిగి మాటాడవలెనని ఆశించుట వలన దినములు గడువవు. ఒక యింటి తలుపు తెఱచి యుండిన చాలును. అది వేఱు కులపుదైనను, వేఱు మతపుదైనను, రెండు వీధుల అవతలిదైనను సరే. వెలివేసిన సభలో మనకు చోటు లేనప్పుడు వేఱొక సభను కూర్చుకొనవచ్చును. 1902లో బందరున భండారు అచ్చమాంబగారు ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. పురుషుల సభలలో స్త్రీల మాటకు తావు లేని దినములవి. తావు ఇయ్యుడని అడుగుచు కూర్చుండక చాప తామే పఱచుకొనిరి.

కట్టడి సడలుట ఒక్కనాడు జరుగదు. మొదట చీకటిపడిన వెనుక దొడ్డిదారిని ఎవరో వత్తురు. కూర చేటలో పెట్టి, ఎవరికిని చెప్పవలదని పోవుదురు. గాంధిగారైనచో దానిని స్వీకరింపరు. ఇంట పసిపిల్లలున్న తల్లి స్వీకరించినచో మేము తప్పు పట్టము. తరువాత ఒకనాడు పట్టపగలు వీధి వాకిటినుండి ఒక పొరుగింటామె వచ్చును. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఆమెను నిలదీయవలెనని నాలుక దురదపెట్టును. నెలల తరబడి మనస్సులో కూర్చుకొన్న మాటలన్నియు ఒక్కుమ్మడి నోటికి వచ్చును. ఆ దినమున వద్దు. పీట వేసి మంచినీళ్ళు ఇయ్యవలెను. మనకు ఆ గ్లాసు మర్యాద. ఆమెకు మాత్రము అది మర్యాద కాదు. అది త్రాగినట్లు నలుగురు చూచినయెడల రేపు ఆమె గడప యెదుట కూడ కుంకుమభరిణె నిలువకపోవచ్చును. ఆ సంగతి ఎఱిగియే ఆమె వీధి వాకిటినుండి వచ్చినది.